నచ్చని సంగీతం గోలలా ఎందుకు వినిపిస్తుంది? మన టేస్ట్‌కి బయట ఉన్న పాటలు, బొమ్మల వెనక అసలు సంగతి

క్లుప్తంగా: కొత్త రకం సంగీతమో బొమ్మో మొదటిసారి ఎదురైనప్పుడు "ఇదేం గోల", "ఇందులో ఏముంది" అనిపించడానికి చాలాసార్లు కారణం టేస్ట్ కాదు, అలవాటు. మెదడు తనకి తెలిసిన వస్తువు కోసం తెలిసిన చోటే వెతుకుతుంది, అక్కడ దొరక్కపోతే అసలేమీ లేదని తేల్చేస్తుంది. ఎక్కడ వెతకాలో తెలిస్తే కొన్ని కళలు చాలా త్వరగా దగ్గరవుతాయి, కొన్ని ఎంత చూసినా దగ్గర కావు. దీని మీద జరిగిన పరిశోధనలు ఏం చెబుతున్నాయి, ఎక్కడ ఆగిపోతున్నాయి అన్నదే ఈ వ్యాసం.

ఇది గోలా, సంగీతమా అన్న వాదన ఎక్కడ మొదలైనా రెండు దారుల్లోనే పోతుంది. ఒకళ్ళు "ఎవరి టేస్ట్ వాళ్ళది, లోకో భిన్న రుచిః" అని అక్కడితో చేతులు దులిపేసుకుంటారు. ఇంకొకళ్ళు "నీకు అర్థం చేసుకునే స్థాయి లేదులే" అంటారు. మొదటి మాట మర్యాదగానే ఉంటుంది గానీ టేస్ట్ అనేది మారుతుందన్న విషయాన్ని దాటేస్తుంది, కొన్నేళ్ళ కింద భరించలేకపోయిన పాటల్ని ఇవాళ వెతుక్కుని మరీ వింటున్నవాళ్ళు కోకొల్లలు. రెండో మాటలో పొగరు తప్ప సమాచారం లేదు, ఎందుకంటే అర్థం చేసుకోవాలంటే సరిగ్గా ఏం చెయ్యాలో అది ఎప్పుడూ చెప్పదు.

ఇక్కడ ముందే ఒక తేడా పట్టుకోవాలి. నచ్చడం వేరు, మెచ్చుకోవడం వేరు. ఒక పాటలో పనితనం ఎక్కడుందో తెలిసీ దాన్ని రోజూ వినాలని అనిపించకపోవచ్చు, అలాగే పనితనం పెద్దగా లేదని తెలిసీ ఒక పాట వదలకుండా పట్టుకోవచ్చు. నేర్చుకుంటే వచ్చేది ముఖ్యంగా రెండోది, అంటే మెచ్చుకోవడం. మొదటిది దాని వెనకే చాలాసార్లు వస్తుంది, ఒక్కోసారి రాదు.

## చెవి ముందే ఊహించేసుకుంటుంది

పాట నడుస్తున్నంతసేపూ మెదడు ఊరికే కూర్చోదు. తర్వాత ఏ స్వరం వస్తుంది, దెబ్బ ఎక్కడ పడుతుంది అని క్షణక్షణం అంచనా వేస్తూనే ఉంటుంది. అంచనా నిజమైతే ఒక తృప్తి, కొద్దిగా తప్పితే ఒక మజా, ప్రతిసారీ తప్పుతూనే ఉంటే చిరాకు. సంగీతంలో భావం పుట్టేది ఈ ఎదురుచూపుల ఆటలోంచే అని లెనార్డ్ మేయర్ అనే అమెరికన్ సంగీత పండితుడు 1956లోనే వాదించాడు. బ్రెయిన్ స్కానింగ్ వచ్చాక ఈ వాదనకి బలం పెరిగింది. 2011లో మాంట్రియల్ పరిశోధకులు కొందరికి వాళ్ళకి బాగా ఇష్టమైన పాటలే వినిపించి చూస్తే, ఒళ్ళు జలదరించే ఘట్టంలో మెదడులో డోపమైన్ (ఆనందంతో ముడిపడ్డ ఒక రసాయనం) విడుదలవుతోందని తేలింది, అంతకంటే ఆసక్తికరమైనది ఏంటంటే ఆ ఘట్టం ఇంకా రాకముందు, అదిగో వస్తోంది అని ఎదురుచూసే కొన్ని సెకన్లలో కూడా మెదడులో ఇంకో చోట అదే విడుదలవుతోంది.

అంటే ఆనందంలో సగం పాట వల్ల, సగం ఆ పాట ఎటు పోతుందో మనకి కాస్తో కూస్తో తెలియడం వల్ల. పూర్తిగా కొత్త రకం సంగీతంలో ఎదురుచూడ్డానికి ఏమీ ఉండదు, ఏది మామూలో ఏది వింతో తెలియదు, కాబట్టి అన్నీ ఒకేలా వినిపిస్తాయి. "అన్ని పాటలూ ఒక్కటే" అనే ఫిర్యాదు ప్రతి తరహా సంగీతం మీదా దాని బయటివాళ్ళు చేసేదే, లోపలివాళ్ళు చేసేది చాలా తక్కువ.

ఈ అంచనాలు ఎక్కడ నుంచి వస్తాయి అంటే చాలావరకు చిన్నప్పుడు చెవిన పడ్డవాటి నుంచే. ఎరిన్ హానన్, శాండ్రా ట్రెహబ్ 2005లో ప్రచురించిన పరిశోధన దీన్ని బాగా చూపిస్తుంది. బాల్కన్ ప్రాంతపు జానపద సంగీతంలో ఏడు మాత్రల లయ చాలా మామూలు, రెండు రెండు మూడుగా విరుగుతూ నడుస్తుంది. (మిశ్ర చాపు తాళంలో తకిట తకధిమి అని వేసేవాళ్ళకి ఏడు లెక్క ఏమంత వింత కాదు, కానీ అమెరికాలో పెరిగినవాళ్ళకి వింతే.) ఉత్తర అమెరికాలో ఆరు నెలల పిల్లలకి ఈ లయలో తేడా చేసి వినిపిస్తే పట్టుకున్నారు, పన్నెండు నెలల పిల్లలు పట్టుకోలేకపోయారు. మధ్యలో గడిచిన ఆ ఆరు నెలల్లోనే చెవి తన చుట్టూ ఉన్న లయలకి బిగుసుకుపోయిందన్నమాట. అయితే ఆ ఏడాది పిల్లలకే రెండు వారాలు ఇంట్లో బాల్కన్ సంగీతం వినిపిస్తే మళ్ళీ పట్టుకోగలిగారు. పెద్దవాళ్ళకి అదే రెండు వారాలు వినిపిస్తే అంత తేలిగ్గా రాలేదు.

వినసొంపు అనే భావన సంగతీ ఇంతే. రెండు మూడు స్వరాలు కలిపి మోగించినప్పుడు కొన్ని కలయికలు హాయిగా, కొన్ని ఇబ్బందిగా వినిపించడం ప్రకృతి సహజం అని చాలాకాలం అనుకున్నారు. 2016లో జాష్ మెక్‌డెర్మాట్ బృందం బొలీవియా అమెజాన్ అడవుల్లో ఉండే చిమానే జనం మీద పరీక్షిస్తే, వాళ్ళు ఈ రెండు రకాల కలయికల్నీ సమానంగానే బాగున్నాయన్నారు. వాళ్ళ సంగీతంలో గొంతులు కలిపి వేర్వేరు స్వరాలు పాడే పద్ధతి లేదు. అలాగని అంతా అలవాటే అని కొట్టిపారెయ్యడానికీ లేదు, కరకరమనే గరుకు శబ్దాలు వాళ్ళకీ మిగతావాళ్ళలాగే నచ్చలేదు. కొంత పుట్టుకతో వస్తుంది, కొంత విని విని వస్తుంది, హద్దు ఎక్కడో మాత్రం చాలామంది అనుకునే చోట లేదు.

## లేని చోట వెతకడం

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది కాబట్టి దీని మీద కాసేపు ఆగాలి. ప్రతి సంగీత సంప్రదాయంలోనూ కొన్ని విషయాలు కదలకుండా ఉంటాయి, కొన్ని కదులుతూ ఉంటాయి, కథ జరిగేది ఆ కదిలేవాటిలో. కొత్తవాళ్ళు సరిగ్గా కదలని దాన్నే చూస్తూ కూర్చుంటారు.

కర్ణాటక సంగీతాన్నీ పాశ్చాత్య సింఫనీనీ పక్కపక్కన పెడితే ఇది స్పష్టంగా కనిపిస్తుంది. కర్ణాటక కచేరీలో తంబురా మొదటి నుంచి చివరి దాకా ఒకే షడ్జమాన్ని పట్టుకుని ఉంటుంది, ఆ "స" కదలదు. కదిలేది గమకం. తోడి రాగంలో గాంధారాన్నే తీసుకుంటే, అది కీబోర్డ్ మీద ఒక మెట్టు నొక్కితే వచ్చే స్వరం కాదు, పైకీ కిందకీ ఊగుతూ పక్క స్వరాల్ని తాకి వచ్చే ఒక కదలిక. ఖరహరప్రియలో కూడా లెక్క ప్రకారం అదే గాంధారం, అదే సాధారణ గాంధారం, కానీ దాన్ని పలికే తీరు వేరు, ఆ తీరులోనే రాగం తెలిసిపోతుంది. సింఫనీ దగ్గరికొస్తే దీనికి దాదాపు తిరగేసిన వ్యవహారం. స్వరం చాలావరకు ఉన్నచోట నిలకడగా ఉంటుంది, కదిలేది "స". ఒక ట్యూన్ ఒక శ్రుతిలో మొదలవుతుంది, కాసేపటికి ఆధార షడ్జమమే ఇంకో చోటికి జరిగిపోతుంది, ఆ కొత్త చోట రెండో ట్యూన్ వస్తుంది, తర్వాత రెండిటినీ ముక్కలు చేసి అనేక శ్రుతుల్లో తిప్పి, చివరికి మొదటి శ్రుతికి తీసుకొచ్చి దింపుతారు. ఆ దింపడమే పెద్ద ఘట్టం, అంతసేపు దూరం పోయింది ఆ తిరిగి రావడం కోసమే.

ఇప్పుడు ఒకదానికి అలవాటు పడ్డ చెవి రెండోదాన్ని వింటే ఏమవుతుంది? గమకం వినే చెవికి సింఫనీలో ట్యూన్ దొరికింది అనుకునేలోపే చేజారిపోతుంది, ఎక్కడా కుదురు లేదనిపిస్తుంది. శ్రుతి మార్పులు వినే చెవికి తంబురా మీద నడిచే ఆలాపనలో గంటసేపు ఏమీ జరగలేదనిపిస్తుంది. రెండూ నిజాయితీ గల అభిప్రాయాలే, రెండూ తప్పు చోట వెతికిన ఫలితాలే. సంగీతంలో "ఏమీ లేదు" అనిపించినప్పుడు ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఇందులో కదులుతున్నది ఏంటి అని. అది స్వరమా, లయా, శబ్దపు రంగా, మాటా, బిగ్గరతనమా? ఒక్కో సంప్రదాయంలో ఒక్కోటి.

ఇండోనేషియాలోని బాలి గామెలాన్ చూడండి, కంచు పలకల వాద్యాల బృందం. మొదటిసారి విన్నవాళ్ళు చాలామంది వాద్యాలకి శ్రుతి సరిగ్గా కుదరలేదనుకుంటారు. నిజానికి కావాలనే తప్పిస్తారు. అక్కడ చాలా వాద్యాలు జంటలుగా ఉంటాయి, ఒకే స్వరానికి ఒక వాద్యం కొంచెం తగ్గించి, రెండోది కొంచెం హెచ్చించి శ్రుతి చేస్తారు. ఉదాహరణకి ఒకటి సెకనుకి 400 సార్లు, ఇంకోటి 406 సార్లు కంపిస్తే, రెండూ కలిపి కొట్టినప్పుడు శబ్దం సెకనుకి ఆరుసార్లు ఉబ్బుతూ తగ్గుతూ వణుకుతుంది. ఆ వణుకే వాళ్ళకి కావాల్సింది, అది లేని జంటని ప్రాణం లేనిదిగా లెక్కేస్తారు. అంటే బయటి చెవికి లోపంలా వినిపించేదే లోపలి చెవికి నాణ్యత. పైగా ఇందులో పెద్ద గాంగ్ ఆవృతం చివర పడుతుంది, బలమంతా ముగింపు మీద ఉంటుంది. మొదటి దెబ్బ మీద బలం వెతికే అలవాటున్నవాళ్ళకి లెక్క ఎప్పుడూ ఒక అడుగు పక్కకి జరిగినట్టే ఉంటుంది. ఫ్రెంచ్ కంపోజర్ డెబ్యుసీ 1889 పారిస్ ఎక్స్‌పొజిషన్‌లో జావా గామెలాన్ విని దాన్ని ఏళ్ళ తరబడి మర్చిపోలేకపోయాడు, అదే ప్రదర్శనలో అదే సంగీతం విని వింత శబ్దమనుకుని పక్కకి నడిచినవాళ్ళు ఇంకెందరో ఉండి ఉంటారు కదా.

డెత్ మెటల్ లాంటి తీవ్రమైన మెటల్ మీద ఉన్న ఫిర్యాదు ఇంకోలా ఉంటుంది: అరుపు, వేగం, ఒక్క మాట అర్థం కాదు. మాట అర్థం కాకపోవడం నిజమే, అందులో గొంతుని మాట మోసే సాధనంగా కంటే ఒక వాద్యంలా, శబ్దానికి ఒక గరుకుతనం ఇవ్వడానికి వాడతారు. డ్రమ్స్ వేగంలోనూ ఒక కిటుకు ఉంది. దెబ్బలు ఒక హద్దు దాటి వేగంగా పడితే చెవి వాటిని విడివిడిగా లెక్కపెట్టడం మానేసి ఒక దట్టమైన పొరలా వింటుంది, ఆ పొర కింద గిటార్ రిఫ్ (తిరిగి తిరిగి వచ్చే చిన్న ముక్క) చాలాసార్లు డ్రమ్స్ కంటే ఎంతో నిదానంగా మారుతూ ఉంటుంది. డ్రమ్స్‌ని వదిలేసి గిటార్ వెంట పోతే అదే పాట సగం వేగంలో నడుస్తున్నట్టు వినిపిస్తుంది. 2019లో ఆస్ట్రేలియా పరిశోధకులు హింసాత్మకమైన డెత్ మెటల్ వినే ఫ్యాన్స్‌నీ, వినని వాళ్ళనీ పోల్చి చూస్తే, ఫ్యాన్స్‌లో ఉత్సాహం, ఆనందం లాంటి భావాలు కనిపించాయి, మిగతావాళ్ళలో ఉద్రిక్తత, కోపం, భయం. శబ్దం అదే, లోపల జరుగుతున్నది వేరు.

ర్యాప్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, అక్కడ ట్యూన్ వెతికితే దొరకదు, ప్రాస ఎక్కడ పడుతోంది, మాట బీట్‌కి ముందు పడుతోందా వెనక పడుతోందా అని వింటే కథ తెలుస్తుంది.

## బొమ్మ ముందు పదిహేడు సెకన్లు

బొమ్మలతో సమస్య కొంచెం వేరు. పాట తన టైమ్ తనే తీసుకుంటుంది, నాలుగు నిమిషాల పాట నాలుగు నిమిషాలూ వినాల్సిందే. బొమ్మ ముందు ఎంతసేపు నిలబడాలన్నది చూసేవాళ్ళ ఇష్టం, ఆ ఇష్టం చాలా కురచ. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో సందర్శకుల్ని గమనించి 2001లో ప్రచురించిన లెక్క ప్రకారం ఒక్కో కళాఖండం ముందు గడిపిన టైమ్ సగటున 27 సెకన్లు, మధ్యస్థ విలువ 17 సెకన్లు, అంటే సగంసార్లు అంతకంటే ఎక్కువసేపు నిలబడలేదు. అందులో కొంత పక్కనున్న లేబుల్ చదవడానికే పోతుంది. ప్రపంచంలో పేరున్న బొమ్మల పరిస్థితే ఇది.

పదిహేడు సెకన్లలో తెలిసేది ఒకటే, అది ఏం బొమ్మ అన్నది. గుర్రం, చెట్టు, ఒక ఆడమనిషి. పోలిక గుర్తుపట్టేశాక పని అయిపోయిందని కన్ను కదిలిపోతుంది, గుర్తుపట్టడానికి ఏమీ లేని ఆబ్‌స్ట్రాక్ట్ బొమ్మ అయితే పని మొదలే కాదు. మార్క్ రోత్కో వేసిన పెద్ద పెద్ద రంగుల దీర్ఘచతురస్రాలు చూసి "ఇది మా పిల్లాడూ వేస్తాడు" అనేది ఇక్కడి నుంచే వస్తుంది. రోత్కో పల్చటి రంగుని పొర మీద పొరగా వేసేవాడు, కింది పొర పై పొరలోంచి కొద్దిగా తొంగిచూస్తుంది, అంచులు కోసినట్టు ఉండవు, పక్క రంగులోకి కరిగిపోతూ ఉంటాయి. మసక వెలుతురులో, దగ్గరగా నిలబడి చూడాలని ఆయన కోరుకునేవాడు. అలా కాసేపు నిలబడితే కంటికి ఆ మసక అలవాటై, మొదట ఒకే ఎరుపు అనుకున్నది మూడు నాలుగు ఎరుపులుగా విడిపోవడం మొదలవుతుంది, అంచులు ముందుకీ వెనక్కీ జరుగుతున్నట్టు ఉంటాయి. ఫోన్ స్క్రీన్ మీద అరచేతంత సైజులో ఇవేవీ ఉండవు, కాబట్టి ఫోన్‌లో చూసి "ఏముంది ఇందులో" అన్నవాళ్ళది తప్పనలేం, అందులో నిజంగానే ఏమీ లేదు.

చూసే పద్ధతే వేరైన బొమ్మలూ ఉన్నాయి. చైనాలో 12వ శతాబ్దం నాటి చిత్రకారుడు జాంగ్ జెదువాన్ పేరు మీద ఒక నదీతీర నగరపు చిత్రం ఉంది, ఎత్తు పాతిక సెంటీమీటర్లే, పొడవు మాత్రం ఐదు మీటర్ల పైన. గోడకి తగిలించి దూరం నుంచి చూస్తే అదో గోధుమ రంగు పట్టీ. అది అసలు గోడ కోసం వేసింది కాదు, చేతుల్లో పట్టుకుని కుడి నుంచి ఎడమకి కొంచెం కొంచెంగా విప్పుతూ, విప్పింది చుట్టేస్తూ చూసే చుట్ట. పల్లె దారి, పడవలు, వంతెన కిందకి వస్తున్న పడవని చూసి కేకలు పెడుతున్న జనం, తర్వాత నగర ద్వారం, ఇలా ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. ఒకే చోట నిలబడి చూసినట్టు దూరంలో గీతలన్నీ కలిసే యూరోపియన్ పెర్‌స్పెక్టివ్ ఇందులో వెతికితే "వీళ్ళకి లోతు గీయడం రాలేదు" అనిపిస్తుంది, నిజానికి చూసేవాడు నడుస్తూ ఉంటాడు కాబట్టి ఒకే చోటి చూపు ఇక్కడ పనికిరాదు. సంగీతంలో అడిగిన ప్రశ్నే ఇక్కడా పనిచేస్తుంది, ఇందులో కదిలేది ఏంటి అని. ఇక్కడ కదిలేది కన్నే.

## మళ్ళీ మళ్ళీ చూస్తే చాలా?

రాబర్ట్ జాయన్స్ అనే సైకాలజిస్ట్ 1968లో ఒక సంగతి తేల్చాడు, అర్థం తెలియని అక్షరాలైనా సరే, ఎన్నిసార్లు కంటపడితే అంత ఇష్టం పెరుగుతుందని. కళల్లో దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ స్ట్రావిన్‌స్కీ బ్యాలే "ద రైట్ ఆఫ్ స్ప్రింగ్". 1913 మే 29న పారిస్‌లో మొదటి ప్రదర్శన అప్పుడు హాల్లో గోల గోల అయింది. తప్పు సంగీతానిదా, ఆ డ్యాన్స్‌దా, ముందే గోల చెయ్యాలని వచ్చినవాళ్ళదా అని ఇప్పటికీ వాదనలున్నాయి. ఏడాది తిరక్కుండా, 1914 ఏప్రిల్‌లో అదే పారిస్‌లో డ్యాన్స్ లేకుండా సంగీతం మాత్రమే వాయిస్తే జనం స్ట్రావిన్‌స్కీని భుజాల మీద ఎత్తుకుని తీసుకెళ్ళారు. 1940కల్లా అది డిస్నీ వాళ్ళ యానిమేషన్ సినిమాలో డైనోసార్ల సీన్‌కి బ్యాక్‌గ్రౌండ్ అయిపోయింది. తర్వాతి దశాబ్దాల్లో సస్పెన్స్, భయం సీన్లకి అలాంటి శబ్దాలు సినిమాల్లో మామూలైపోయాయి కాబట్టి ఇవాళ మొదటిసారి వినేవాళ్ళకి అది అంత కొత్తగా ఉండదు, వాళ్ళ చెవికి సగం ట్రైనింగ్ ఎప్పుడో అయిపోయింది.

జేమ్స్ కటింగ్ అనే కార్నెల్ ప్రొఫెసర్ 2003లో ప్రచురించిన ప్రయోగం ఇంకా సూటిగా ఉంటుంది. క్లాసులో మధ్యమధ్యలో, ఏ వ్యాఖ్యానం లేకుండా, పెద్దగా పేరు లేని ఇంప్రెషనిస్ట్ బొమ్మల్ని సెమిస్టర్ పొడుగునా పదేపదే చూపించాడు. చివర్లో అడిగితే, మామూలుగా పేరున్న బొమ్మలనే ఎంచుకునే విద్యార్థుల్లో ఆ మొగ్గు పోయింది. దీన్ని బట్టి, పేరున్న బొమ్మల పేరు కూడా చాలావరకు పుస్తకాల్లో పదేపదే అచ్చవడం వల్లే నిలిచిందని ఆయన వాదన.

అంటే గొప్పతనం అంటూ ఏమీ లేదా, అంతా రిపిటీషనేనా? ఇక్కడే ఇంకో ప్రయోగం అడ్డం వచ్చింది. 2013లో ఆరన్ మెస్కిన్, ఇంకొందరు ఇంగ్లండ్‌లో ఇదే పద్ధతిని థామస్ కింకేడ్ బొమ్మలతో చేసి చూశారు, ఆయన బొమ్మలు జనంలో బాగా అమ్ముడుపోయేవి, విమర్శకులు మాత్రం నాసిరకం అనేవాళ్ళు. పోలికకి 19వ శతాబ్దపు ఇంగ్లీష్ చిత్రకారుడు జాన్ ఎవరెట్ మిల్లే బొమ్మలు పెట్టుకున్నారు. ఎక్కువసార్లు చూసేకొద్దీ కింకేడ్ బొమ్మలు తక్కువ నచ్చాయి, మిల్లే బొమ్మలకి అలా తగ్గలేదు. ఒక్క ప్రయోగంతో అంతా తేలిపోదు గానీ ఒకటి మాత్రం గమనించాలి: పదేపదే చూడటం ఇష్టాన్ని దానంతటదే తయారుచెయ్యడం లేదు, ఉన్నదాన్ని బయటికి తెస్తోంది, అది మంచైనా సరే, డొల్లతనమైనా సరే.

## చెవి కంటే ముందు మనుషులు

ఇప్పటిదాకా చెప్పినదంతా చెవి, కన్ను, మెదడు గురించి. చాలామంది ఒక సంగీతాన్ని తోసిపుచ్చేది వినకముందే, ఎందుకంటే అది ఎవరు వింటారో తెలుసు కాబట్టి. ఫ్రెంచ్ సామాజికవేత్త పియరీ బోర్డ్యూ 1979లో దీని మీద పెద్ద పుస్తకమే రాశాడు, టేస్ట్ అంటే ముందుగా పక్కవాళ్ళ టేస్ట్ మీద అసహ్యమే అన్నది అందులో ముఖ్యమైన మాట. నేను వాళ్ళలాంటివాణ్ణి కాదు అని చెప్పుకోవడానికి పాట చాలా చవకైన మార్గం.

1990ల్లో అమెరికాలో ఇది ఇంకో మలుపు తిరిగింది. రిచర్డ్ పీటర్సన్, రోజర్ కెర్న్ 1996లో చూపించింది ఏంటంటే, పై వర్గాల వాళ్ళు ఇప్పుడు క్లాసికల్ మాత్రమే అని గిరి గీసుకోవట్లేదు, అన్ని రకాలూ వింటాం అంటున్నారు. అదే ఏడాది బెథనీ బ్రైసన్ దాని వెనక ఉన్న మెలిక పట్టుకుంది. చదువు ఎక్కువున్నవాళ్ళు ఎక్కువ రకాల సంగీతాన్ని ఇష్టపడుతున్న మాట నిజమే, కానీ వాళ్ళు వద్దనే ఆ కొద్ది రకాలూ సరిగ్గా తక్కువ చదువున్నవాళ్ళు ఇష్టపడేవే: ర్యాప్, హెవీ మెటల్, కంట్రీ, గాస్పెల్. "అన్నీ వింటాను, అది తప్ప" అనే మాటలో "అది తప్ప" అన్న ముక్కలోనే సమాచారమంతా ఉంది.

గుంపు ప్రభావం పేరు తెలియని పాటల మీద కూడా పడుతుంది. మాథ్యూ సాల్గానిక్, పీటర్ డాడ్స్, డంకన్ వాట్స్ 2006లో ఎవరికీ తెలియని బ్యాండ్ల పాటలు 48 ఇంటర్నెట్‌లో పెట్టి, 14,000 మందికి పైగా జనాన్ని వేర్వేరు గుంపులుగా విడగొట్టారు, కొన్ని గుంపుల్లో ఏ పాట ఎంతమంది డౌన్‌లోడ్ చేసుకున్నారో కనిపించేది. అలా కనిపించిన గుంపుల్లో హిట్లు మరీ పెద్ద హిట్లయ్యాయి, ఏ పాట హిట్ అవుతుందో మాత్రం గుంపు గుంపుకీ మారిపోయింది. మరీ బాగున్నవి అడుక్కి పోవడం, మరీ బాగాలేనివి పైకి రావడం అరుదు, మధ్యలో ఉన్నవాటికి మాత్రం ఏదైనా జరగొచ్చు. "ఇది నా సొంత టేస్ట్" అని గట్టిగా చెప్పేముందు ఈ ప్రయోగం ఒకసారి గుర్తుచేసుకోవడం మంచిది.

వీటికి వయసు కూడా తోడవుతుంది. మోరిస్ హోల్‌బ్రుక్, రాబర్ట్ షిండ్లర్ 1989లో రకరకాల వయసులవాళ్ళకి పాత హిట్ పాటలు వినిపిస్తే, వాళ్ళకి దాదాపు 23, 24 ఏళ్ళ వయసులో వచ్చిన పాటల మీద ఇష్టం అందరికంటే ఎక్కువ కనిపించింది. "మా రోజుల్లో పాటలే పాటలు" అని ప్రతి తరమూ అనడానికి పాటల కంటే ఈ లెక్కే ఎక్కువ కారణం.

ఇప్పుడు యాప్‌లు వచ్చి ఈ గిరిని ఇంకాస్త బిగించాయి. మీలాంటివాళ్ళు ఏం విన్నారో చూసి మీకూ అదే వడ్డించడం వాటి పద్ధతి. స్పాటిఫై పరిశోధకులు 2020లో ప్రచురించిన దాంట్లోనే, అల్గారిథం చూపించినవి వినేటప్పుడు జనం వినే పాటల్లో వైవిధ్యం తగ్గిందనీ, కాలక్రమంలో ఎక్కువ రకాలు వినడం మొదలుపెట్టినవాళ్ళు సొంతంగా వెతుక్కోవడం పెంచారనీ ఉంది. రేడియోలో నచ్చని పాట వచ్చినా అది అయ్యేదాకా భరించాల్సి వచ్చేది, ఇప్పుడు స్కిప్ బటన్ ఉంది. కొత్త సంగీతానికి కావాల్సింది సరిగ్గా ఆ భరించే రెండు నిమిషాలే.

## ఏది పనిచేస్తుంది

ఇదంతా కలిపి చూస్తే సాధారణంగా ఇచ్చే సలహాల్లో కొన్ని తేలిపోతాయి. ఒక కొత్త తరహాలో యాభై పాటల ప్లేలిస్ట్ పెట్టుకుని వరసగా వినడం పెద్దగా పనికిరాదు, ఎందుకంటే ప్రతి పాటా కొత్తే, దేనికీ ఎదురుచూపు ఏర్పడదు. ఒకే పాటని కొన్ని రోజుల తేడాతో మళ్ళీ మళ్ళీ వినడం నయం, మూడోసారికో నాలుగోసారికో "ఇప్పుడు ఆ ముక్క వస్తుంది" అని చెవికి తెలియడం మొదలవుతుంది, అక్కడి నుంచే పని జరుగుతుంది. అదీ బ్యాక్‌గ్రౌండ్‌లో పెట్టుకుని ఇంకో పని చేస్తూ కాకుండా, ఒక్క అంశం పట్టుకుని. ఈసారి బేస్ గిటార్ మాత్రమే, ఈసారి తాళం మాత్రమే అని. చేత్తో తాళం వేస్తే ఇంకా త్వరగా పట్టుబడుతుంది, ఏడు మాత్రల లయ చెవితో లెక్కపెట్టడం కంటే చేత్తో వెయ్యడం తేలిక.

దూరం కూడా చూసుకోవాలి. డేనియల్ బెర్లైన్ అనే సైకాలజిస్ట్ 1970ల్లో చెప్పిన లెక్క ప్రకారం మరీ తెలిసినదీ, మరీ తెలియనిదీ రెండూ తక్కువ నచ్చుతాయి, మధ్యలో ఉన్నది ఎక్కువ నచ్చుతుంది. సినిమా పాటల నుంచి నేరుగా గంటన్నర సింఫనీలోకి దూకితే మునగడమే, ఆ పాటల్లో వయొలిన్లు పరుగులు పెట్టే ఇంటర్‌లూడ్‌లు ముందు జాగ్రత్తగా వింటే దారి దొరుకుతుంది. ఆ కళ మీద ప్రాణం పెట్టే మనిషి పక్కన కూర్చుని "ఇదిగో ఇప్పుడు విను" అని చెయ్యి చూపించడం వంద వ్యాసాల పెట్టు, ఆ మనిషి పరీక్ష పెట్టే రకం కాకపోతేనే. బొమ్మలకైతే మ్యూజియం మొత్తం తిరగడం మాని రెండు మూడు బొమ్మలు ఎంచుకుని ఒక్కోదాని ముందు పది నిమిషాలు కూర్చోవడమే, మొదటి మూడు నిమిషాలు విసుగ్గా ఉంటాయి, అది సహజం.

ఇవన్నీ చేశాక కూడా నచ్చకపోవచ్చు. అప్పుడు ఆ నచ్చకపోవడం మునుపటిది కాదు, "గోల" అన్న ఒక్క మాట కాకుండా, రిఫ్‌లు బాగున్నాయి గానీ పాటంతా ఒకే బిగ్గరతనంలో నడవడం విసుగు అని చెప్పగలిగేది. ఆ మాట విన్న ఆ సంగీతపు అభిమాని కూడా కోప్పడడు, చాలాసార్లు ఒప్పుకుంటాడు కూడా.

అసలు ఏ సంగీతమూ పట్టనివాళ్ళు కూడా ఉన్నారు. బార్సిలోనా పరిశోధకులు 2014లో ఇలాంటివాళ్ళని పరీక్షించారు. వాళ్ళకి వినికిడి బాగానే ఉంది, స్వరాల తేడా తెలుస్తుంది, ఇది విషాదంగా ఉంది ఇది సంతోషంగా ఉంది అని కూడా చెప్పగలరు, డబ్బు గెలిచే ఆట ఆడిస్తే అందరిలాగే ఉత్సాహపడ్డారు. పాట దగ్గర మాత్రం ఏమీ అనిపించదు. 2016లో స్కానింగ్ చేసి చూస్తే శబ్దాన్ని గ్రహించే భాగానికీ ఆనందానికి సంబంధించిన భాగానికీ మధ్య రాకపోకలు సంగీతం వినేటప్పుడు వాళ్ళలో తక్కువగా ఉన్నాయి. అలాంటి మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని ఎన్ని సంగీతాలు ఎన్నిసార్లు వినిపించినా పెద్దగా తేడా రాకపోవచ్చు, అందులో వాళ్ళ మొండితనమూ లేదు, వినిపించేవాళ్ళ చేతగానితనమూ లేదు.